రొట్టె మీద ఒట్టు

దోణిమలై,
9 జూన్ 2024.

అక్కా,

ముందు నీ కాళ్ళకు ఒక నమస్కారం పెట్టేస్తున్నాను. లేకపోతే జాబు చదవకుండా మడిచి పక్కన పెట్టే రకం నువ్వు. సౌభాగ్య, పాప మనోజ్ఞ బాగున్నారు. నేను బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను.

ఫోన్లో నీకు గుయ్యిమని తప్ప ఇంకేమీ వినపడదు, నీ కొడుకు చేతికి ఫోనిస్తే నేను నాలుగు మాటలు చెప్తే వాడు నీకు ఒకటి చెప్తాడు. అందుకే ఆదివారం పూట ఇట్లా కూర్చున్నాను. పోయిన నెల బళ్ళారికి వెళ్ళి కడుపు డాక్టరుకు చూపించుకున్నాను. రెండేళ్ళ పురాణమంతా విప్పాను. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, రోజుకు ఏడెనిమిది సార్లు చెంబు పట్టుకుని పరుగు, నోట్లో పుండ్లు, పద్నాలుగు కిలోలు తగ్గడం, అన్నీ. క్షయ అని ఆరు నెలలు మందులు మింగించారు కదా, ఆ చీటీలు కూడా చూశాడు. "ఆ మందులకు తగ్గలేదంటే అది క్షయ కాకపోవచ్చప్పా. పేగు వాపు జబ్బులు వేరే ఉండాయి. ఒక్కొక్కటే చూస్తాం" అన్నాడు. రక్తం తీసి బెంగళూరు ల్యాబుకు పంపించాడు. యాంటీబాడీ పరీక్ష అంటారట.

దాని రిపోర్టు శుక్రవారం వచ్చింది. డాక్టరు ఊళ్ళో లేడు, వచ్చే నెలకు గానీ చూడడు. అంతా ఇంగ్లీషు. పొడుగాటి పేరొకటి, దాని ఎదురుగా 'పాజిటివ్' అని. నాకు అర్థమైంది ఆ ఒక్క మాటే. జిరాక్స్ ఇందులో పెట్టాను. నేను పుట్టినప్పటి టీకా కార్డు నుంచి నీ పెట్టెలో దాచుకుంటున్నావు కదా, ఇది కూడా పెట్టుకో.

ఇంకో సంగతి. పాప కాపీ పుస్తకం నిండా కన్నడ టీచరమ్మ ఎర్ర గీతలు కొట్టి పంపింది. వేసవి సెలవుల్లో నువ్వు చేసిన ఘనకార్యమే. కన్నడ అక్షరాలన్నిటికీ అడ్డగీత బదులు తెలుగు తలకట్లు పెడుతోంది! నన్ను కూడా ఇట్లాగే పాడుచేశావు. మూడో తరగతిలో ఆ తలకట్ల కోసం నేను తిన్న దెబ్బలు నువ్వు తిన్నావా?

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
పరశురామ్


కురుగోడు,
21 జూన్ 2024.

చిరంజీవి పరశుకు అక్క దీవెనలు.

జాబు, కాగితం అందాయి. ఇక్కడ బావ మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. కాలువకు నీళ్ళు ఇంకా వదల్లేదు. మిరప నారు పోసుకుని అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు.

కాగితం ఏమిటో తెలియకుండా పెట్టెలో ఎట్లా పెడతాను? పక్కింటి నింగమ్మను తోడు తీసుకుని మందుల అంగడి రామాంజినేయులు దగ్గరికి వెళ్ళాను. అతను ఆ పొడుగు పేరు ఫోన్లో కొట్టి, చాలాసేపు చదువుకుని, నాకు వినపడాలని గట్టిగా చెప్పాడు. అంగడిలో ఇంకా ఇద్దరు ఉన్నారు. ఏమి చెప్పాడో నేను ఇక్కడ రాయను. నీ రక్తంలో ఉన్నది నీకు తెలియకుండా ఉంటుందా?

పరశూ, అమ్మ పదోరోజు నీకు గుర్తుందా? నీకు పదేళ్ళు. నాయన అప్పుడు కూడా ప్యాకెట్ సారాయి తాగి అరుగు మీద పడి ఉన్నాడు. అమ్మను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని ట్రాక్టరును కాలువలోకి తోలినవాడు, తను మాత్రం ఈదుకుంటూ గట్టెక్కాడు. ఆ రోజు నిన్ను వంటింట్లోకి పిలిచి జొన్నరొట్టె కాల్చి, వేడివేడి రొట్టె మీద నీ చెయ్యి పెట్టించాను. నీ చెయ్యి కాలుతుందని కింద నా చెయ్యి పెట్టాను. "సారాయి ముట్టను, ముట్టి బండి పట్టను" అని నువ్వు మూడుసార్లు అన్నావు. మన అమ్మ ఏమనేది? "రొట్టె మీద ఒట్టు తప్పినోని కడుపులో ఆ రొట్టె నిలవదు" అనేది.

ఊరికే గుర్తొచ్చి రాశాను. నాకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. నేను తిట్టను.

మీ అక్క
దుర్గమ్మ


దోణిమలై,
2 జులై 2024.

అక్కా, నమస్కారం.

నీ జాబు సౌభాగ్యకు చదివి వినిపించాను. "వదినకు అమ్మ మీదికి ధ్యాస పోయినట్టుండాది" అంది. నిజమే. వయసు మీద పడేకొద్దీ నీకు పాత సంగతులు ఎక్కువగా గుర్తొస్తున్నాయి. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఒట్టు తర్వాత ఆ రొట్టెను ఇద్దరం చెరి సగం తిన్నాం. ఉప్పు వేయడం మర్చిపోయావు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఇప్పుడు చెప్తున్నాను, అది చప్పగా ఉంది.

రొట్టె మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నాను, నవ్వొద్దు. ఇప్పుడు నాకు జొన్నరొట్టె పడదు. ఒక్క ముక్క తిన్నా సరే, గంట తిరిగేలోపు కడుపు మెలిపెట్టి మొత్తం బయటికి వచ్చేస్తుంది. డాక్టరు మెత్తటి అన్నం, పెరుగు మాత్రమే తినమన్నాడు. కురుగోడులో పుట్టి రొట్టె మానుకున్న మొదటి మొగవాణ్ణి నేనే అయి ఉంటాను.

మొన్న ఇంకో తమాషా. ఖనిజం లోడు దించి టిప్పరు దిగుతుంటే కాళ్ళు తూలిపోయాయి. ఒంట్లో రక్తం తక్కువగా ఉందట, కళ్ళు తిరుగుతుంటాయి. మన శివరాజన్న చూసి, "ఏందప్పా పరశురామా, పొద్దున్నే వేసుకొస్తివా?" అని అందరి ముందూ ఆట పట్టించాడు. నేను కూడా ఊరుకోకుండా, "వేసుకోకుంటే నీ మొగం చూసేదానికి యాడ ధైర్యం వస్తాదన్నా" అన్నాను. అంతా ఒకటే నవ్వు. మన ఊరివాడు సూపర్‌వైజరుగా ఉండడం ఎంత మేలో చూడు, ఇంకొకడైతే ఇంటికి పంపేవాడు.

పదిహేనో తారీఖున పేగులోకి కెమెరా గొట్టం వేసి చూస్తారట. ఎటునుంచి వేస్తారో నువ్వు అడగొద్దు, నేను చెప్పను. రక్తపరీక్ష ఒక్కదానితోనే ఏమీ తేలదట, గొట్టంతో చూసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేగానీ జబ్బు పేరు చెప్పలేమన్నారు.

నీకు చెప్పాల్సింది ఏముంది? అన్నీ చెప్తూనే ఉన్నాను కదా.

పరశు


కురుగోడు,
14 జులై 2024.

పరశురామ్‌కు,

జాబు చేరింది. మూడుసార్లు చదివాను.

రొట్టె నిలవడం లేదని నీ చేత్తో నువ్వే రాశావు. కాళ్ళు తూలుతున్నాయనీ నువ్వే రాశావు. నవ్వులాటగా రాశావు. నాయన కూడా అట్లాగే నవ్వించేవాడు.

నేను చేయాల్సింది చేశాను. ఇప్పుడు నా మీద కోపం వచ్చినా ఒకనాటికి అర్థం చేసుకుంటావు. పాపను జాగ్రత్తగా చూసుకో.

దుర్గమ్మ


దోణిమలై,
5 ఆగస్టు 2024.

అక్కా,

నీ జాబు పొట్టిగా ఉందని నేను బెంగపడితే, సౌభాగ్య "వదిన నీకోసం మొక్కు కట్టింటాది, అందుకే చేయాల్సింది చేసినానని రాసింటాది" అంది. ఏ దేవుడికి కట్టావో గానీ ఆయన ఇటు తిరిగి చూడలేదు.

నన్ను బండి మీద నుంచి దింపేశారు.

పోయిన నెల ఇరవై రెండు, సోమవారం. పొద్దున షిఫ్టుకు వెళ్తే శివరాజన్న గేటు దగ్గరే ఆపాడు. "పరశురామప్పా, తాళం ఈడ పెట్టు. నీ మీద జాబు వచ్చిండాది. తాగి బండి తోలుతాండావని రాసిండారు" అన్నాడు. మొదట నేను నవ్వాను. అతను నవ్వలేదు. ఊదే మిషను తెప్పించి ఊదించాడు. అందులో ఏమీ రాలేదు. "ఈ పొద్దు లేకపోవచ్చు. రాసినోళ్ళు అబద్ధం రాసే మనిషి కాదు. నాకు వందమంది డ్రైవర్లు ఉండారు, ఒకని కోసం నేను జైలుకు పోలేను" అన్నాడు. ఎవరు రాశారని అడిగాను. "పేరు అడగద్దు. మీ ఇంటి మనిషే. కన్నడంలో ఉండాది. చాలు, పో" అన్నాడు. పదకొండేళ్ళు ఆ కొండ మీద బండి తోలాను అక్కా, ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదు. ఇప్పుడు నేను నడిచి వెళ్తుంటే వెనక గుసగుసలు వినిపిస్తున్నాయి.

ఇంటి మనిషి, కన్నడం. ఇంకెవరు ఉంటారు? సౌభాగ్య బళ్ళారిలో కన్నడ బడిలో చదివింది, ముత్యాల్లాగా రాస్తుంది. నా కడుపు చెడినప్పటి నుంచి బండి దిగమని పోరుతూనే ఉంది. "గంటకోసారి దిగి పరిగెత్తేవానికి టిప్పరు ఏంది? నువ్వు చెప్పకుంటే నేనే శివరాజన్నకు రాస్తా" అని ఉగాది నాడు నా ముందే అంది. బండి దింపించాలంటే తాగుబోతని రాయాలా? నా ఒట్టు సంగతి తెలిసి కూడా?

నువ్వే రాశావని మొహం మీదే అన్నాను. ఆమె ఏడవలేదు, కాదని ఒట్టు పెట్టలేదు. పాప పుస్తకాలు సంచిలో సర్దుకుని బళ్ళారి బస్సు ఎక్కింది. బ్రూస్‌పేటలో పుట్టింట్లో ఉంది. రెండు వారాలైంది.

కట్టుకున్నదే ఇట్లా చేస్తే ఎవరిని నమ్మాలి? నాకు ఇక మిగిలింది నువ్వొక్కదానివే అక్కా. అమ్మ పోయినప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే.

గొట్టం పరీక్ష అయింది. ముక్క రిపోర్టు ఇంకా రాలేదు.

పరశు


కురుగోడు,
16 ఆగస్టు 2024.

పరశూ,

నీ జాబు వచ్చి వారమైంది. వెంటనే రాయలేకపోయాను. డ్యాం గేటు కొట్టుకుపోయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. నీళ్ళన్నీ ఏటి పాలవుతున్నాయని ఊరంతా గోల. మీ బావకు రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ హడావుడిలో ఉన్నాను.

సౌభాగ్యను అంత మాట అనకుండా ఉండాల్సింది. ఆడది పుట్టింటికి వెళ్ళడం వింత కాదు, కోపం తగ్గితే వస్తుంది. తొందరపడి నువ్వు వెళ్ళవద్దు, కొన్నాళ్ళు ఆగు. ఆ జాబు ఎవరు రాశారని తవ్వుకుంటూ కూర్చోవద్దు. ఎవరు రాసినా నీ మంచి కోరేవాళ్ళే రాసి ఉంటారు. బండి పోతే పోయింది, ప్రాణాలు ఉన్నాయి. నీవీ, ఎదుటివాళ్ళవీ.

నాకు మాత్రం ఒక్క నిజం చెప్పు. ఎన్నాళ్ళ నుంచి?

అక్క


దోణిమలై,
8 సెప్టెంబరు 2024.

దుర్గమ్మ గారికి,

ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నాకు అర్థం కాలేదు. జబ్బు సంగతేమో అనుకుని రెండేళ్ళని రాయబోయాను. ఇప్పుడు అర్థమైంది.

ఆగస్టు ఇరవై ఏడున ముక్క రిపోర్టు వచ్చింది. జబ్బు పేరు క్రోన్స్. పేగులో అక్కడక్కడా పుండ్లు, వాపు. పూర్తిగా పోదట, మందులతో అణిగి ఉంటుందట. డాక్టరు చీటీ రాసిచ్చాడు. కళ్ళు తిరగడం, తూలడం రక్తం తక్కువై వచ్చినవని, తాగుడు కాదని. ఆ చీటీ తీసుకెళ్ళి శివరాజన్న బల్ల మీద పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు. తర్వాత సొరుగులోంచి మడిచిన కాగితం తీసి, "నువ్వే చూసుకోప్పా. నా మనసు ఒప్పుకోలేదు గానీ, ఇట్లాంటి మనిషి రాస్తే ఎట్లా నమ్మకుందు?" అన్నాడు.

సంతకం లేదు. దాని అవసరం కూడా లేదు. ప్రతి కన్నడ అక్షరం నెత్తినా తెలుగు తలకట్టు ఉంది.

పలక మీద నా వేళ్ళు పట్టుకుని దిద్దించిన తలకట్టు. దానికోసం మూడో తరగతిలో దెబ్బలు తిని కూడా, మా అక్క నేర్పిందే సరైనదని టీచరుతో వాదించాను. ఈ లోకంలో కన్నడాన్ని అట్లా రాసేవాళ్ళు ముగ్గురం. అందులో ఒకతెకు ఏడేళ్ళు. నాకు కళ్ళు తిరిగాయి. శివరాజన్న ఈసారి ఆట పట్టించలేదు, నీళ్ళు ఇచ్చాడు.

"మా తమ్ముడి రక్తంలో సారాయి పురుగు బయటపడింది, ల్యాబు కాగితం నా దగ్గర ఉంది" అని రాశారు. ఆ కాగితాన్ని మీకు పంపింది నేను. నా చేతులతో మడిచి పెట్టి పంపాను, పెట్టెలో దాచమని.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈ కాగితం తాగుడు చెప్తుందా సార్ అని అడిగాను. ఆయన మొదట నవ్వాడు, నా మొహం చూసి ఆపేశాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. మందుల అంగడిలో కూడా చదివించుకోండి, అందరూ ఉన్నప్పుడు.

"ఆ పొడుగు పేరు ఒక ఈస్ట్‌ది. బీరు పులియబెట్టేదానికి వాడతారు, నిజమే. బేకరీలో బన్ను, బ్రెడ్డు పొంగేదానికీ అదే. ఈ పరీక్ష రక్తంలో ఈస్ట్ ఉండాదా అని చూసేది కాదు. దాని మీద మీ ఒళ్ళు యాంటీబాడీ తయారు చేసిండాదా అని చూసేది. క్రోన్స్ ఉన్నోళ్ళలో చానామందికి ఒళ్ళు పొరబాటు పడి ఆ ఈస్ట్‌ను శత్రువు అనుకుంటాది. బీరు వాసన చూడనోళ్ళకూ పాజిటివ్ వస్తాది. రోజూ తాగేటోళ్ళలో చానామందికి రాదు. అది మాకు దారి చూపించేదానికే, తీర్పు చెప్పేదానికి కాదప్పా."

తీర్పు చెప్పేదానికి కాదని డాక్టరే అంటున్నాడు. మీరు చెప్పేశారు.

తిట్టనని రాశారు జూన్‌లో. తిట్టి ఉంటే బాగుండేది. 'నువ్వు తాగుతున్నావా' అని రెండు మాటలు రాసి ఉంటే, లేదక్కా అని ఒక్క మాట రాసేవాణ్ణి. మీకు చెవులు వినపడవని మూడేళ్ళుగా జాబులు రాస్తున్నాను. వినపడనిది చెవులకే అనుకున్నాను.

బండి సంగతి వదిలేయండి. అమ్మ పోయిన తీరు చూసినవాళ్ళు భయపడ్డారని సర్దుకోవచ్చు. కానీ సౌభాగ్యను నేను తరిమేశానని రాస్తే, మిగిలింది నువ్వొక్కదానివే అని రాస్తే, అది చదివి కూడా డ్యాం గేటు గురించి రాశారు. తొందరపడి వెళ్ళవద్దని రాశారు. మీరు చేసిన పని ఆమె నెత్తిన ఉంటే ఉండనీ అనుకున్నారు. దాన్ని నేను ఎట్లా సర్దుకోను?

పరశురామ్


కురుగోడు,
24 సెప్టెంబరు 2024.

పరశూ,

గారు అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మిగతాది చదవడానికి రెండు రోజులు పట్టింది.

రాసింది నేనే. కాదని ఎట్లా అంటాను? నాకు ట్రాక్టరు చప్పుడు, నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేదీ తోచలేదు. ఎవరో ఒక తల్లి నీ టిప్పరు కింద పడుతుందని రోజూ కళ్ళకు కట్టేది. నిన్ను అడిగితే నువ్వు లేదంటావని, నాయన కూడా లేదనే అనేవాడని, అడగలేదు. అది తప్పే అయినా భయంతో చేసిన తప్పు. రెండోది భయం కాదు. ఆగస్టులో నీ జాబు చదివాక, నేనే రాశానని చెప్తే ఆ మిగిలిన ఒక్కదాన్నీ నీకు కాకుండా పోతానని నోరు మూసుకున్నాను. అది నా స్వార్థం. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

నీ జాబు తీసుకుని రామాంజినేయులు దగ్గరికి వెళ్ళాను. "నేను ఫోన్లో ఉండేది చదివినా అంతే గదక్కా, తాగినాడని నేనంటినా?" అన్నాడు. నిజమే, అతను అనలేదు. అది బీరు పులియబెట్టేదని అతను సగం చెప్పాడు, మిగతా సగం నేను అల్లుకున్నాను.

ఆదివారం బస్సెక్కి బ్రూస్‌పేట వెళ్ళాను. సౌభాగ్య కుర్చీ వేసి, నీళ్ళు ఇచ్చి, నాకు వినపడాలని దగ్గరగా కూర్చుంది. చెప్పడానికి నోరు తెరిచేలోపే, "నువ్వు రాసినావని నాకు మొదటిరోజే తెలుసు వదినా" అంది. ఎట్లా తెలుసని అడిగాను. "ఇంటి మనిషి అన్నారు. నేను రాయలేదని నాకు తెలుసు. పాప రాయలేదు. ఇంక ఉండేది ఎవరు? ఆయప్ప ఆ మాత్రం ఆలోచన చేయలేదు" అంది. మరి వాడికి ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. "అడిగింటే చెప్పేదాన్ని. అడగలేదు. నువ్వే రాసినావన్నాడు" అంది. పాప నా ఒళ్ళోకి రావాలని చూసింది గానీ, వాళ్ళమ్మ వైపు చూసి ఆగిపోయింది.

శివరాజ్‌కు ఇంకో జాబు రాశాను. సంతకం పెట్టి, నేను పొరబడ్డానని, మా తమ్ముడు ఎన్నడూ ముట్టలేదని. పోయిన శుక్రవారం ఊరికి వచ్చినప్పుడు మన వాకిట్లోనే నిలబడి అన్నాడు. "అక్కా, తాగుతాడని నువ్వే రాస్తివి. తాగడని నువ్వే రాస్తివి. రెండూ ఒకే చేతి రాత. నేను ఏది నమ్మల్ల?" నా మాటకు ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఉన్న విలువ అంత తేలిగ్గా పోయింది.

ఒక సంగతి నీకు ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు రొట్టె మీద నీ చెయ్యి కాలుతుందని కింద నా చెయ్యి పెట్టానని రాశాను కదా. నువ్వు పైకి ఒట్టు పెడుతుంటే నేను లోపల ఒట్టు పెట్టుకున్నాను, వీడికి అమ్మ లేని లోటు రానివ్వనని, లోకమంతా ఒకవైపున్నా వీడి వైపు ఉంటానని. నువ్వు నీ ఒట్టు నిలబెట్టుకున్నావు. తప్పింది నేను.

నీ కడుపు ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయి. తిట్టి అయినా రాయి.

దుర్గక్క


దోణిమలై,
6 అక్టోబరు 2024.

అక్కా,

జాబు అందింది.

మందులు పని చేస్తున్నాయి. మూడు కిలోలు పెరిగాను. రోజుకు రెండుసార్లతో సరిపోతోంది. శివరాజన్న నన్ను తూకం కాటా దగ్గర కూర్చోబెట్టాడు. లారీలు వస్తాయి, పోతాయి, నేను నంబర్లు రాసుకుంటాను. మళ్ళీ బండి ఎప్పుడు ఇస్తారని అడగలేదు. వాళ్ళు చెప్పలేదు.

మొన్న బ్రూస్‌పేట వెళ్ళాను. నువ్వు చదివిన నా జాబుకు నకలు జేబులో పెట్టుకున్నాను, నాకు ఎంత అన్యాయం జరిగిందో సౌభాగ్యకు చదివి వినిపిద్దామని. ఆమె అంతా విన్నది. 'తాగుతున్నావా అని రెండు మాటలు రాసి ఉంటే' అన్న చోట ఆపమంది. "ఆ మాట ఇంగొకసారి చదువు" అంది. చదివాను. "నువ్వు రాసినావా అని నన్ను అడిగింటివా?" అంది.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నిన్ను నేను అన్నదే ఆమె నన్ను అంది. నువ్వు ఒక కాగితాన్ని నమ్మావు, నేను 'ఇంటి మనిషి' అన్న ఒక మాటను నమ్మాను. ఆ చప్పటి రొట్టెను చెరి సగం తిన్నవాళ్ళం కదా.

ఆమె రాలేదు. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. ఆదివారాలు నేను వెళ్ళి పాపను చూసి వస్తున్నాను. గుమ్మం దగ్గరే కుర్చీ వేస్తారు.

నీ మీద కోపం పోలేదు అక్కా. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. గారు అని రాయడం మాత్రం నా వల్ల కాలేదు, రెండుసార్లు రాసి కొట్టేశాను. జాబులు రాస్తే చదువుతాను. జవాబు కోసం ఎదురుచూడవద్దు. నా కాగితాలు ఇక నీ పెట్టెకు రావు, నా దగ్గరే ఉంచుకుంటాను.

పాపను బళ్ళారి బడిలో చేర్పించారు. మొన్న కాపీ పుస్తకం చూపించింది. ఒక్క ఎర్ర గీత కూడా లేదు. కన్నడ అక్షరాలకు కన్నడ తలకట్లే పెడుతోంది, చక్కగా. కొత్త టీచరమ్మ వారం రోజుల్లో మాన్పించేసిందట. "నాన్నా, ఇప్పుడు కరెక్టేనా?" అని అడిగింది. కరెక్టే అని చెప్పి బయటికి వచ్చి, బస్‌స్టాండు దాకా ఏడ్చుకుంటూ నడిచాను.

పరశు